గంజి అవ్వతో మాట్లాడొద్దు

నేను శిక్షణ ఆట ఆడి తెలుసుకున్నదాన్ని మీరు ఆ ఆట గైడ్‌లో 213వ మెట్టుగా ఎక్కించారు. అలా ఎక్కించడమే తప్పు. దాన్ని చూసి కంట్రోల్ రూము వాళ్ళు ప్రతి పోటుకీ తూర్పు గొట్టం కడుగుతున్నారు. ఇప్పుడు చెడింది తూర్పు గొట్టం కాదు. ఇలాగే కడుగుతూ పోతే అమావాస్య పోటుకి మూడో వరుసలో నూట నలభై ఇళ్ళ కుళాయిల్లో సముద్రం వస్తుంది. అందులో ఒకటి మా అత్త ఇల్లు.

కమలాకర్ గారూ, శిక్షణ విభాగానికి పెద్ద మీరు. నా పుస్తకం మీ బల్ల మీద నాలుగు రోజులు పడి ఉంది. మొన్న వెనక్కి తెచ్చుకుని చూశాను. మీరు అట్ట కూడా తిప్పలేదు. తిప్పి ఉంటే మధ్యలో పెట్టిన దారం కింద పడేది. అది పెట్టినచోటే ఉంది. అందుకని కావలసిన పేజీలు కాపీ చేసి దీనికి జత చేస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి. నేను బడికి పోలేదు. గొట్టాల మీది బోర్డులు చూసి చదువు నేర్చుకున్నాను.

శుద్ధ తదియ

ఈ రోజు ఆట మొదలుపెట్టాను. ఆట పూర్తి చేసినవాళ్ళకే చేతిముద్ర ఇస్తారు. చేతిముద్ర ఉన్నవాళ్ళ చేతికే వాల్వు తిరుగుతుంది. నాలుగేళ్ళుగా గొట్టాల్లో సముద్రపు ఉప్పుని వడకట్టే పొరల మీద నాచు గీకుతున్నాను, ఇంతవరకు ఒక్క వాల్వు తిప్పింది లేదు.

ఆట పేరు ‘మూడు బావులు’. ఈ తెప్ప కట్టినవాళ్ళే, దీని మీద మనుషులు కాపురం పెట్టకముందే, ఈ ఆట కూడా చేశారట. సముద్రం మధ్యలో ఒక కోట. అందులో మూడు బావులు. మనం కావిడి మోసేవాడిలా తిరిగి, పై అంతస్తులో ఉన్న రాణికి నీళ్ళు చేర్చాలి.

బడి చీటీ లేనివాళ్ళకి గైడ్ ఇవ్వరు. సింహాద్రి తనది ఇస్తానని శిక్షణ గదికి వచ్చాడు. మా ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. వాడు బడికి పోయాడు. పోయిన నెలే వాడికి చేతిముద్ర వచ్చింది.

“ఇదిగో, పట్టుకో. రెండొందల పన్నెండు మెట్లు. ఏ మెట్టు కాడ ఏటి నొక్కాలో రాసేసుంటాది. నాలుగు గంటల్లో అయిపోద్ది” అన్నాడు.

“మరి ఆటలో ఏటున్నాదిరా?”

“ఏటుంటాది? మెట్లుంటాయి.”

మొదటి వాక్యం చదివాను. ‘మెట్టు 1: మొదట ఒక బోర్డు వస్తుంది. చదవనక్కర్లేదు. నొక్కి దాటేయండి.’ చదవొద్దని చెప్పే పుస్తకాన్ని నేను చూడటం ఇదే మొదటిసారి. తిరిగి ఇచ్చేశాను. ఆ బోర్డు చదివాను. ‘పోటు మారినప్పుడల్లా ఆడండి’ అని ఉంది. ఇంకేమీ లేదు. ఒకసారి పూర్తి చేస్తే చాలని కదా శిక్షణ విభాగం వాళ్ళు చెబుతారు, మరి వాళ్ళు అలా ఎందుకు రాసినట్టు? తెలియలేదు. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

చవితి

షిఫ్టు దిగాక రెండు గంటలు ఆడాను. రేవు దాటలేదు. దాటాలనిపించలేదు. అక్కడ కుండలు తంతే పగులుతాయి. తాడు లాగితే గంట మోగుతుంది. పిల్లి వెనకాల వెళితే అది నిజంగానే ఎక్కడికో తీసుకెళుతుంది, కోట గోడ పక్కకి. అక్కడ ఒక ముసలామె పెద్ద కుండ ముందర పెట్టుకుని కూర్చుంది.

“కడుపులో ఏమైనా పడిందా నాయనా?” అని అడిగింది.

రెండు బొమ్మలు వచ్చాయి. తాగు. వెళ్ళిపో. తాగాను. గంజి. స్క్రీను పక్కన నీలం గీత ఒకటుంది, అది మనవాడి దాహం. తాగగానే ఆ గీత బొటనవేలంత తగ్గింది.

వెనకాల నిలబడి చూస్తున్న సింహాద్రి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ముసిలిదాని కాడ గంజి తాగడానికేటే పరీచ్చ? నలభయ్యొకటో మెట్టు సదువు. ‘గంజి అవ్వతో మాట్లాడొద్దు. పాయింట్లు రావు. కుడిపక్క మెట్లెక్కండి.’”

“పాయింట్లు రాకపోతే ఆవిడనెందుకు పెట్టినారురా అక్కడ?”

“అందానికి.”

“అందానికైతే కుర్రదాన్ని పెట్టుందురు.”

వాడు గైడ్ పేజీలు తిప్పి చూశాడు. దానికి మెట్టు లేదు.

షష్ఠి

ఈ రోజు గంజి తాగితే దాహం పెరిగింది.

నేనే తప్పు చూశాననుకున్నాను. మళ్ళీ తాగాను. మళ్ళీ పెరిగింది. నిన్నా మొన్నా తగ్గిన గీత ఈ రోజు ఎందుకు పెరుగుతుంది? స్క్రీను మీద కొలవడానికి ఏమీ లేదు. వలకి అల్లే దారం తెచ్చి ముళ్ళు వేసి, గీత పక్కన ఆనించి కొలిచాను. ఒకటిన్నర ముడి పైకి.

గంజి తాగాక అవ్వ కొత్త మాట చెప్పింది. “తూర్పు బావి కావలివాడు కునుకు తీస్తున్నాడు. లేపి రా నాయనా.” వెళ్ళి లేపాను. వచ్చి మళ్ళీ తాగాను. మళ్ళీ పెరిగింది. మళ్ళీ వెళ్ళి చూస్తే వాడు మళ్ళీ పడుకున్నాడు. ఆరుసార్లు లేపాను. లేచినట్టే లేచి పడుకుంటున్నాడు.

ఇంటికి వచ్చేసరికి లక్కమ్మ అత్త టీ గిన్నె బోర్లించి కూర్చుంది. మా నాన్న అక్క. నన్ను పెంచింది ఆవిడే.

“పాలు ఇరిగిపోనాయే గుంటా. నీల్లు ఉప్పు కసిరీసినాయి. గొట్టాల కాడ ఏటి సేత్తన్నారే మీరంతా?”

“నాచు గీకుతున్నాం అత్తా.”

“గట్టిగా గీకండి.”

నవ్వుతూనే అంది కానీ, కాళ్ళు చూశాను. వాచి ఉన్నాయి. ఉప్పు పూర్తిగా మానేయాలని డాక్టరు చెప్పి ఏడాదైంది. కూరలో అయితే మానేయొచ్చు, కుళాయిలో వచ్చే ఉప్పుని ఎలా మానుతుంది? మొదటి రెండు వరుసలకి వాన తొట్టి నీళ్ళు కలుస్తాయి. మా వరుసకి నేరుగా గొట్టాల నీళ్ళే.

పడుకోబోతుంటే తట్టింది. ఆట్లో గంజి ఉప్పన. ఇంట్లో నీళ్ళు ఉప్పన. ఒకే రోజు.

ఏకాదశి

చవితి నుంచి ఎనిమిది రోజుల లెక్క ఇది. ఎడమ పక్క ఆటలో గంజి, కుడి పక్క మా కుళాయి. ఏడు రోజులు రెండూ కలిశాయి. నవమి నాడు కలవలేదు. గంజి ఉప్పన, కుళాయి తీపి.

ఆ ఒక్క రోజు నన్ను తినేసింది. నా ఊహ అంతా తప్పేమోనని రెండు పూటలు ఇక ఆడకూడదనుకున్నాను. తర్వాత అత్తనే అడిగాను.

“నవమి నాడు నీల్లు బాగున్నాయి కదా, ఏటి ఇసేసం?”

“ఆ దినం ఓడ నీల్లు ఇచ్చినారు కదే! పెద్ద గొట్టం కట్టేసి రంగు పూసినారు. మర్సిపోనావా? నీ ఒంటి మీద కూడా పడింది రంగు.”

పడింది. ఇప్పటికీ మోచేతి మీద ఉంది. ఆ రోజు మా కుళాయిలో వచ్చినవి గొట్టాల నీళ్ళే కావు. గంజి చెప్పింది గొట్టాల సంగతి. అంటే ఎనిమిదికి ఎనిమిది.

ఈ రోజు గంజి తాగాక ఇంకేమీ ఆడలేదు. ఆట ఆడే కుర్చీ కిందకి దూరాను. ఆట పెట్టె వెనక కరెంటు తీగ ఒకటుంటుంది, అది అందరికీ తెలుసు. దాని పక్కన మణికట్టంత లావు తీగల కట్ట ఇంకొకటి ఉంది, నేలలోకి దిగిపోతోంది. ఆటకి అంత తీగ ఎందుకు? కింది అంతస్తుకి వెళ్ళి అదే చోట కప్పు చూశాను. అక్కడి నుంచి మూడు పాయలైంది. ఒకటి ఉత్తరం గొట్టంలోకి, ఒకటి తూర్పు గొట్టంలోకి, ఒకటి దక్షిణం గొట్టంలోకి.

నాలుగేళ్ళు ఆ గొట్టాల మీదే పడి నాచు గీకాను. ఆ తీగల్ని కూడా గీకి శుభ్రం చేశాను. ఎక్కడికి పోతాయని ఒక్కసారి అడగలేదు.

గొట్టాల మీది మీటర్లు నేను పుట్టకముందే తుప్పుకి పోయాయి. ఇప్పుడు కంట్రోల్ రూములో ఉన్నది ఒక్కటే మీటరు, అది మూడూ కలిసిన నీళ్ళకి. ఉప్పు ఉందని చెబుతుంది, ఏ గొట్టంలోంచి వస్తుందో చెప్పదు. ఆ సంగతి చెప్పేది గంజి అవ్వ. ఇది పరీక్ష కోసం చేసిన ఆట కాదు. మొదటివాళ్ళు పోటు పోటుకీ ఇందులోకి వచ్చి గంజి తాగి, వెళ్ళి గొట్టం చూసుకునేవాళ్ళు. కావలివాడు ఎన్నిసార్లు లేపినా ఎందుకు లేవలేదో ఇప్పుడు తెలిసింది. లేపాల్సింది ఆటలో కాదు.

ద్వాదశి

ఈ సంగతి చెబుదామని కమలాకర్ గారి గదికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆయన నా కాగితం నా ముందుకి తోశారు. ఫెయిల్. ఆరు గంటల్లో పూర్తి చేయాల్సిన ఆటని పదహారు గంటలు ఆడి, నలభయ్యొకటో మెట్టు దగ్గరే ఉన్నానట.

“సార్, ఆ ఆటకి గొట్టాల నుంచి తీగలు ఉన్నాయి. తూర్పు గొట్టంలో పొర చెడింది. గంజి అవ్వ చెబుతోంది.”

“ఎవరమ్మా?”

“గంజి అవ్వ.”

ఆయన పెన్ను కింద పెట్టారు. “చూడమ్మా, నీకు ఓపిక ఉంది, కాదనను. కానీ గైడ్‌లో లేనిది ఆటలో ఉన్నా లేనట్టే. ఇరవై ఏళ్ళుగా ఆ గైడ్‌తో మూడొందల మంది పాసయ్యారు. అంతమందికి కనపడనిది నీకెలా కనపడింది?”

“వాళ్ళని చూడొద్దని రాశారు కాబట్టి సార్.”

బయటికి పంపేశారు. ఆట కుర్చీ కూడా ఇక నా చేతికి తెరుచుకోదు.

పౌర్ణమి

ఉదయం పోటు. మూడో వరుసలో ఎవరి కుళాయి తిప్పినా నోట్లో పెట్టుకోలేని నీళ్ళు. కంట్రోల్ రూములో మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. ఏ గొట్టం ఆపాలో ఎవరికీ తెలియదు. మూడూ ఆపితే తెప్ప మొత్తానికి నీళ్ళు లేవు. అత్త కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. ఆయాసపడుతోంది. వాన తొట్టి దగ్గర చెంబు పట్టుకుని నిలబడితే మొదటి వరుసవాళ్ళు తమకే చాలవని పంపేశారు.

సింహాద్రిని చెయ్యి పట్టుకుని శిక్షణ గదికి లాక్కెళ్ళాను.

“చెయ్యి పెట్టి కుర్సీ తెరువు. తెరిసి కిందకి పో. తూరుపు గొట్టం వాల్వు కాడా దచ్చినం వాల్వు కాడా కాదు, మద్దిలో నిలబడు. నాను కేకేసిందాకా ఏదీ ముట్టుకోకు.”

“నా ముద్ర పోద్దే రత్నం!”

“మీ అమ్మ కూడా ఆ నీల్లే తాగుతున్నాది కదరా.”

చెయ్యి పెట్టాడు. నేను కూర్చున్నాను. పిల్లి వెనకాల పోయే తీరిక లేదు, దారి తెలుసు. గంజి తాగాను. గీత నాలుగు ముళ్ళు లేచింది. “తూర్పు బావి కావలివాడు కునుకు తీస్తున్నాడు” అంది అవ్వ.

గదిలోంచి కిందకి మాట్లాడే గొట్టంలో అరిచాను.

“తూరుపు!”

“ఏటి?”

“తూరుపురా, సెవుడా!”

వాడు తూర్పు గొట్టం బ్యాక్‌వాష్ పెట్టాడు. అంటే నీళ్ళని ఎదురు తోసి పొరని కడగడం. నలభై నిమిషాలు పడుతుంది. అంతసేపూ మిగతా రెండు గొట్టాలే మోయాలి. అవి బాగున్నాయి కాబట్టి మోశాయి. నేను కుర్చీలోంచి లేవకుండా గంజి తాగుతూ కూర్చున్నాను. నాలుగు ముళ్ళు. మూడు. ఒకటి. తర్వాత గీత దిగడం మొదలైంది.

ఇంటికి వెళితే అత్త గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, తాగకుండా వాసన చూస్తోంది.

“తాగత్తా. బాగున్నాయి.”

“నీకెలాగ తెల్సు, నువ్వు తాగనేదు కదా?”

“నాను ముందే తాగినాను” అన్నాను.

బహుళ తదియ

కమలాకర్ గారు పిలిచి టీ ఇచ్చారు. గైడ్‌లో కొత్త మెట్టు చేర్చారట. చదివి వినిపించారు. ‘మెట్టు 213: తూర్పు బావికి వెళ్ళి కావలివాడిని లేపండి. ముప్ఫై పాయింట్లు.’ కంట్రోల్ రూము గోడకి కూడా ఒక ఆర్డరు అంటించారు. ప్రతి పోటుకీ తూర్పు గొట్టం కడగాలి. మిగతా వాల్వులు ముట్టుకున్నవాళ్ళ చేతిముద్ర రద్దు.

“నీ పేరు వేయడం కుదరలేదమ్మా. ఫెయిలైనవాళ్ళ పేరు గైడ్‌లో వేసే పద్ధతి లేదు” అన్నారు.

“పేరు వద్దు సార్. గంజి తాగమని ఎక్కడా రాయలేదేం?”

“ఎందుకు? ఆవిడ చెప్పేది రాసేశాం కదా!”

“నలభయ్యొకటో మెట్టు?”

“అది అలాగే ఉంది. అంత పాత మెట్టు మార్చాలంటే కమిటీ కూర్చోవాలి.”

నా పుస్తకం ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను, ఈ పేజీ అది తిరిగి తెచ్చుకున్నాక రాసింది. దారం మధ్యలో పెట్టాను.

బయట సింహాద్రి పొంగిపోతున్నాడు. తూర్పు అని వాళ్ళకి చెప్పింది వాడే.

“నీ మెట్టు ఆడేసినానే! ముప్పై పాయింట్లు! నా పేరు పైకెల్లిపోనాది.”

“గంజి తాగినావా?”

“ఏటికి? తూరుపని రాసుంది కదా.”

తప్పు వాడిది కాదు. పౌర్ణమి నాడు వాడికి వినపడింది నా కేక ఒక్కటే. మొదట ఎవరో గైడ్ రాసినప్పుడు కూడా ఇలాగే జరిగి ఉంటుంది. ఆ వారం గంజి బాగుండి ఉంటుంది. అవ్వ ఏమీ చెప్పి ఉండదు. ‘పాయింట్లు రావు’ అని రాసి మెట్లెక్కేసి ఉంటారు.

బహుళ అష్టమి

నిన్న సాయంత్రం పోటుకి తూర్పు గొట్టం కడిగారు. కడుగుతున్నంతసేపూ మా కుళాయి ఉప్పన. ఈ ఉదయం కడిగారు. ఇంకా ఉప్పన. అత్తకి మళ్ళీ వాపు వచ్చింది.

సింహాద్రిని కుర్చీలో కూర్చోబెట్టాను. నేను వెనకాల నిలబడ్డాను.

“ఎటెల్లాలి?” అన్నాడు.

“నాకు తెల్దు. నువ్వే ఎల్లు.”

“సెప్పవే బాబూ!”

“సెప్పను. నాను సెప్తే అది ఇంకో మెట్టయిపోద్ది.”

గంట కొట్టాడు. కుండలు పగలగొట్టాడు. తిట్టుకున్నాడు. పావుగంటకి పిల్లి కనపడింది. అవ్వ దగ్గరికి చేరాక, ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు ఒకసారి చూసి, తాగు అన్న బొమ్మ నొక్కాడు. నీలం గీత రెండు ముళ్ళు లేచింది. వాడు స్క్రీను మీదకి వంగాడు.

“దక్షిణం బావి కావలివాడు కునుకు తీస్తున్నాడు. లేపి రా నాయనా.”

“దచ్చినమంటున్నాదేటే!”

“మళ్ళీ తాగు.”

మళ్ళీ తాగాడు. దక్షిణమే. తర్వాత వాడే నోటితో లెక్క కట్టాడు. తూర్పుని కడుగుతుంటే దాని బరువు మిగతా రెండింటి మీద పడుతుంది. దక్షిణం ఇప్పుడు చెడి ఉంది. దాన్ని మనమే తొక్కి తొక్కి చింపుతున్నాం.

“ఈయాల అస్టమే” అన్నాడు వాడు, మెల్లగా. “సిన్న పోటు. సిన్న పోటుకే రెండు ముళ్ళు లేచింది. అమాసకి?”

నేను దారం వాడి చేతికి ఇచ్చాను. స్క్రీను మీద గీతకి పైన ఇంకో మూడు ముళ్ళ చోటే ఉంది.

బహుళ నవమి

కమలాకర్ గారూ, పేజీలు అయిపోయాయి. ఈ రోజు రాస్తున్నది మీకే.

213వ మెట్టు తీసేయండి. గోడ మీది ఆర్డరు చింపేయండి. దక్షిణం గొట్టం వెంటనే కడిగించండి. కానీ గైడ్‌లో తూర్పు కొట్టేసి దక్షిణం అని రాస్తారేమో, అలా మాత్రం రాయకండి. దక్షిణం ఈ వారం మాట. వచ్చే పక్షానికి ఉత్తరం కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. అది నాకూ తెలియదు. తెలుసుకోవాలంటే నేనైనా వెళ్ళి ఆవిడ ముందర కూర్చోవాల్సిందే.

ఇక నుంచి వాల్వు ముట్టుకునే ముందు ప్రతి షిఫ్టులో ఒక మనిషి గైడ్ లేకుండా ఆ కుర్చీలో కూర్చుని గంజి తాగాలని ఆర్డరు వేయండి. బడి చీటీ ఉన్నా లేకపోయినా, పాసైనా ఫెయిలైనా, ఎవరైనా సరే. మొదటి మనిషిగా మీరే రండి. నేను దారి చెప్పను. పక్కన నిలబడతాను.

నా చేతిముద్ర సంగతి ఇందులో అడగడం లేదు. అది వేరే కాగితంలో, కోపం తగ్గాక అడుగుతాను.

మీరు ఏమీ చేయకపోతే చతుర్దశి ఉదయం సింహాద్రి తన చేత్తో దక్షిణం వాల్వు తిప్పుతాడు. ముద్ర పోతుందని వాడికి తెలుసు. ఈ కాగితం కింద నా పేరు పక్కన వాడి పేరు వాడే రాసుకున్నాడు. మా అత్త వేలిముద్ర వేసింది. ఆమె వెనకాల మూడో వరుసలో తొంభై రెండు ఇళ్ళవాళ్ళు వేశారు. మిగతావాళ్ళు సాయంత్రానికి వేస్తారు.

జవాబు నోటిమాటగా వద్దు, టీ ఇచ్చి చెప్పొద్దు. కాగితం మీద రాసి, సంతకం పెట్టి, త్రయోదశి పగటి పోటు తిరిగేలోగా మూడో వరుస కుళాయి దగ్గరికి పంపండి. అప్పటిదాకా నేను అక్కడే ఉంటాను.

సూరాడ నూకరత్నం
పొరలు గీకే పని, రెండో షిఫ్టు